బంగారం పక్కన వెండి

పద్మా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

తమ్ముడి పెళ్లికి మీ అమ్మమ్మ కాసులపేరు వేసుకుని, చెవులకి కరీంనగర్ వెండి తీగపని జుంకాలు పెట్టుకుంటానంటే మీ అత్తగారు "బంగారం పక్కన వెండేమిటమ్మా, లేనివాళ్లలాగా!" అన్నారు, అంతేగా? ఆవిడ మెడలో పుస్తెలు బంగారం, కాళ్లకి మెట్టెలు వెండి. పెళ్లయిన రోజు నుంచీ ఆవిడా రెండూ కలిపే వేసుకుంటున్నారు. బంగారం లక్ష్మీదేవి, కాళ్లకి పెట్టకూడదని మనవాళ్ల పట్టింపు. అందుకే పట్టీలూ మెట్టెలూ వెండివి. కాబట్టి ఆవిడ పేచీ అంతా వెండి నడుము దాటి పైకి ఎక్కిందనే. అదీ కొత్తేం కాదు, తెలంగాణ పల్లెల్లో పాతకాలం ఆడవాళ్లు వెండి దండకడియాలు చేతులకే వేసుకునేవాళ్లు.

ఇక లేనివాళ్ల మాట. 2025లో తులం బంగారం లక్ష దాటింది, ఆ ఏడాది చివరికి కిలో వెండి రెండు లక్షలు దాటింది. వెండిని చులకనగా చూసే రోజులు పోయాయమ్మా!

అన్నట్టు, నువ్వు కట్టుకోబోయే కంచిపట్టు జరీ అసలుదే అయితే, అది పట్టుదారానికి వెండి తీగ చుట్టి పైన బంగారు పూత పూసినదే. పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో తిరిగేవాళ్లు వచ్చేది ఆ జరీలోని వెండి కోసమే. అంటే ఒంటి మీద చీరలోనే రెండూ ఉన్నాయి, ఇంక జుంకాలతో వచ్చిన నష్టమేంటి?

చూడ్డానికి బాగుంటుందా అన్నావు. నా లెక్కలో చిక్కంతా మెరుపుతోనే. మీ అమ్మమ్మ కాసులపేరు వాడి వాడి మెత్తటి, మెరుపు తగ్గిన పసుపులోకి వచ్చేసింది. దాని పక్కన రోడియం అనే తెల్లటి లోహం పూత పూసిన తళతళలాడే వెండి పెడితే కొత్త స్టీలు గిన్నెలా ఉంటుంది. నీ జుంకాలకి ఆ గొడవ లేదు. వెంట్రుకంత సన్నటి తీగల్ని మెలితిప్పి, చట్రంలో ఇమిడ్చి అతికిన పని కదా, సందుల్లో కాస్త నలుపు పట్టి నెమ్మదిగా ఉంటుంది. పైగా అంత పెద్దవైనా చెవి లాగదు. చేతికి మాత్రం వెండి మీద అక్కడక్కడా బంగారు పూత ఉన్న కడియం ఒకటి వేసుకో, అప్పుడు కావాలనే కలిపావని తెలుస్తుంది. ముక్కుపుడక జోలికి పోకు, ఉన్నదే ఉండనీ.

బంగారు గాజులూ వెండి కడియం ఒకే చేతికి వద్దు. రెండూ మెత్తని లోహాలే, ఒరుసుకుని రెండూ గీతలు పడతాయి. కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి.

కడియం కొనేటప్పుడు 925 ముద్ర చూసుకో, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని. జర్మన్ సిల్వర్ అంటే వెండేనని అంటగడతారు, అందులో వీసమెత్తు వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. నికెల్ పడని ఒళ్లయితే పెళ్లిపందిట్లో గోక్కుంటూ కూర్చోవాలి!

వెండి నల్లబడితే అల్యూమినియం ఫాయిల్, వేడినీళ్లు, వంటసోడా చిట్కా నీకు తెలుసుగా. మామూలు పట్టీలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జుంకాలకి మాత్రం వాడకు, ఆ పనితనానికి అందం ఇచ్చే నలుపు కూడా ఊడిపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, గాలి తగలకుండా విడిగా జిప్ కవర్లో పెట్టు.

చీర కట్టుకుని అన్నీ పెట్టుకున్నాక ఒక ఫోటో పంపు, పగటి వెలుతురులో తీసింది. జరీ సంగతి నేను చెప్పానని మాత్రం మీ అత్తగారితో అనకు తల్లీ, సంక్రాంతికి ఆవిడ చేతి అరిసెలు తినాలి నేను.

నీ
సుధ