మోకాళ్ల మెట్టు దగ్గర కలిసిన అక్కకు

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. గాలిగోపురం దాటాక కూడా మా అమ్మ గోవింద నామం చెప్పుకుంటూ బాగానే ఎక్కింది. మెట్లు బాగా నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు దగ్గర మాత్రం కూలబడింది. కాలు కదలదు, మొక్కు కాబట్టి వెనక్కీ రానంటుంది.

మీరు మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతూ వస్తున్నారు. నడుం వంచి చేసే ఆ మెట్ల పూజ ఎంత కష్టమో చూసినవారికి తెలుసు. దాన్ని మధ్యలో ఆపి, గిన్నె మీ అమ్మాయికిచ్చి, అమ్మ పక్కన కూర్చున్నారు. "రామానుజులవారే ఇక్కడ మోకాళ్ల మీద ఎక్కారంటారు. మనం కాసేపు కూర్చుంటే స్వామి ఏమీ అనుకోడు పెద్దమ్మా" అన్నారు. అమ్మ నవ్వేసింది. తర్వాత ఒక చేయి మీరు, ఒక చేయి నేను పట్టుకున్నాం.

పైకి చేర్చి మీరు మళ్లీ కిందికి దిగారు, ఆపిన మెట్టు నుంచి పూజ అందుకోవడానికి! అంత ఓపిక ఎక్కడిదో మరి. మీ పేరైనా అడగనివ్వలేదు.

అమ్మ జాకెట్టు మీద మీ పసుపు వేళ్ల గుర్తులు ఉతికినా పోలేదు. పోకూడదనే ఆమె కోరిక. తిరుమలలో భక్తులకు స్వచ్ఛందంగా సాయపడే శ్రీవారి సేవకు నేను పేరు ఇచ్చాను. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని అమ్మ చెప్పమంది. నా నమస్కారాలు అక్కా.