ఉసిళ్ల లెక్కలో స్పీడ్
అన్నలూ, నిన్న రామప్ప నుంచి వస్తుంటే ములుగు దాటాక వాన వెలిసింది, పొద్దు గూకింది, ఇక చూడాలి ఉసిళ్లు, హెడ్‌లైట్ ముందు పెళ్లి ఊరేగింపే. స్పీడోమీటర్ ఎందుకు దండగ! 40లో పురుగు హెల్మెట్ అద్దం, అదే వైజర్ మీద వాలి నడుచుకుంటూ పోతుంది, 60లో టప్పుమని అంటుకుంటుంది, 80లో ఏ పురుగో గుర్తుపట్టలేం. 40 నుంచి 80కి పోతే గుద్దుడు బలం నాలుగింతలు, పాపం అది పురుగుకే తెలుసు. వైజర్ ఎత్తి పాట అందుకున్న మన తమ్ముడు ఆత్మకూరు దాకా ఉమ్ముకుంటూనే వచ్చాడు, ఏం తింటావురా అంటే "అయిపోయింది అన్నా" అన్నాడు.

ఎండిన రెక్కల్ని పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి, తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచితే అవే ఊడొస్తాయి. ఆదివారం లక్నవరం. చీకటి పడకముందే వాపసు.