కాటన్ ఇంటిపేరుకు పత్తితో పని లేదు

సంపాదకుల వారికి,

మే 15 దగ్గర పడుతుంటే మా గోదావరి జిల్లాల్లో కాటన్ దొర జయంతి సందడి మొదలవుతుంది. విగ్రహాలకు దండలు, బళ్లలో వ్యాసరచన పోటీలు, ఫోన్లలో సందేశాలు. ఆ సందేశాల్లో ఒక కథ ఏటా తిరుగుతోంది. ఆయన పూర్వీకులు పత్తి వ్యాపారులట, అందుకే కాటన్ అనే ఇంటిపేరు వచ్చిందట. వేదికల మీద వక్తలు చెబుతుంటే పిల్లలు రాసుకుంటున్నారు కూడా. ఇది నిజం కాదు.

పాత ఇంగ్లిషులో 'కాట్' అంటే చిన్న ఇల్లు, గుడిసె. మనం రోజూ అనే కాటేజీలో ఉన్నదీ అదే. 'గుడిసెల దగ్గర' అనడానికి దానికి విభక్తి చేర్చి 'కోటుమ్' అనేవారు. అలా కోటన్ అనే ఊళ్లు ఇంగ్లండులో చాలాచోట్ల ఏర్పడ్డాయి. కేంబ్రిడ్జి పక్కన ఒకటుంది, ష్రాప్‌షైర్‌లో వెమ్ పట్టణం దగ్గర ఇంకొకటి. ఆ ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు ఊరిపేరే కాటన్ అనే ఇంటిపేరైంది. కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరి వారైన మనకు ఇది వివరించి చెప్పాలా? ఇక బట్ట నేసే కాటన్ వేరే మాట. అరబ్బీ 'కుత్న్' ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి, పలకడంలో దీనితో కలిసిపోయింది.

ఆర్థర్ కాటన్ పూర్వీకులది ఆ వెమ్ దగ్గరి కోటన్ ఊరే. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేసి ఆస్తులు పంచిపెట్టినప్పుడు, 1539లో చెషైర్‌లోని కాంబర్‌మియర్ మఠం సర్ జార్జ్ కాటన్‌కు దక్కింది. లాంకషైర్‌లో నూలు మిల్లులు రావడానికి అప్పటికింకా రెండు శతాబ్దాల పైమాటే. భూములు, సైనిక కొలువులు, ఆ కుటుంబం పైకొచ్చింది వాటితో. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాధిపతి లార్డ్ కాంబర్‌మియర్ కూడా కాటనే, మన దొరకు పెదనాన్న కొడుకు.

ఊళ్లు అన్ని ఉన్నాయి కనుక కాటన్లందరూ ఒక ఇంటివారు కారు. గువాహటి కాటన్ కాలేజీకి పేరిచ్చింది అస్సాం చీఫ్ కమిషనర్‌గా చేసి, 1904లో కాంగ్రెస్ అధ్యక్షుడైన హెన్రీ కాటన్. ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత పత్రం మాగ్నాకార్టా ప్రతులను సేకరించి భద్రపరిచిన రాబర్ట్ కాటన్ మరొకరు. పేరు కలిసిందని వీళ్లందరినీ మన దొరకు అన్నదమ్ములను చేయకూడదు.

జయంతి ఫ్లెక్సీలు వేయించేవారికీ ఒక మాట. అంతర్జాలంలో 'కాటన్ వంశ చిహ్నం' అని అమ్మే బొమ్మలను నమ్మకండి. ఇంగ్లండులో ఆ చిహ్నాలు ఒక వ్యక్తికి, అతని వారసులకు ఇచ్చేవి. ఇంటిపేరుకు చిహ్నమంటూ ఉండదని ఆ చిహ్నాలు మంజూరు చేసే లండన్‌లోని అధికారిక సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ స్పష్టంగానే చెబుతుంది.

ఈసారి జయంతి ప్రత్యేక పేజీలో పత్తి కథకు చోటివ్వవద్దని మీకు, దాన్ని క్విజ్ ప్రశ్నగా అడగవద్దని ఉపాధ్యాయులకు నా విన్నపం. ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో వెమ్, కాంబర్‌మియర్ గుర్తించిన ఇంగ్లండు పటం ఒకటి, పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు పెట్టడం జలవనరుల శాఖకు పెద్ద ఖర్చేమీ కాదు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం