పాత సినిమా హాలు పునరుద్ధరణ: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

ఈ సంవత్సరం సంఘం నిధులూ శ్రమా ఎక్కువగా నెల్లూరులోని మన పాత సినిమా హాలు పునరుద్ధరణకే వెచ్చించాం కాబట్టి, ఈ నివేదికను ఆ ఒక్క పనికే పరిమితం చేస్తున్నాం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి ముందు, నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కట్టిన హాలు ఇది. మన జిల్లా నుంచి మద్రాసు వెళ్లి నటులుగా పేరు తెచ్చుకున్న రమణారెడ్డి, రాజనాల వంటివారిని ఊరి జనం నేల టికెట్టు కొనుక్కుని మురిపెంగా చూసుకున్న కాలానికి ఇది సాక్షి.

గోడలు ఇటుకతో, గానుగ సున్నంతో కట్టినవి. తరువాతి కాలంలో మరమ్మతు పేరుతో వాటిపై సిమెంటు పూశారు. సున్నపు గోడ పీల్చుకున్న తేమను మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. లోపల చిక్కుకున్న తేమలోని లవణాలు గట్టిపడినప్పుడల్లా ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. తెర వెనుక గోడకు సిమెంటు పెచ్చు తీయించినప్పుడు, లోపలి ఇటుక వేలితో గీస్తేనే పొడిగా రాలిపోవడం కార్యవర్గమంతా చూసింది. అందువల్ల కొత్త కుర్చీలూ రంగులూ ముందు కావాలన్న కొందరు సభ్యుల కోరికను గౌరవిస్తూనే, వాటిని వాయిదా వేసి, సిమెంటు తొలగించి తిరిగి సున్నం పూయించే పనిని చేపట్టాం. ఈ నిర్ణయం సరైనదేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

మన జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల వల్లే వస్తాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవారికి కప్పు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. అందుచేత పెంకులు, దూలాల పని అక్టోబరులోపే ముగించి, సున్నం పూత సంక్రాంతి తరువాత మొదలుపెట్టాం. ఎండకు త్వరగా ఆరితే పూత నెర్రెలు విచ్చుతుంది కనుక, తడి గోనెపట్టాలు కట్టించి నిదానంగా ఆరనిచ్చాం.

ప్రొజెక్టర్లు ఉండే ఆపరేటర్ క్యాబిన్‌ను పడగొట్టి బాల్కనీని పెంచుదామన్న ప్రతిపాదనను కార్యవర్గం అంగీకరించలేదు. తొలినాళ్ల నైట్రేటు ఫిల్ము అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అందుకే ఆ గదిని మందపు గోడలతో విడిగా కట్టి, ప్రొజెక్టర్ వెలుగు వచ్చే కంతలకు పైనుంచి జారిపడే ఇనుప మూతలు అమర్చారు. వాటిలో ఒకటి తుప్పు గీకి నూనె వేయగానే గాడిలో కదిలింది. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో 35 మిల్లీమీటర్ల ఫిల్ము వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాల్లో అయిపోతుంది. ప్రొజెక్టర్‌లో దీపంగా వెలిగే కార్బన్ కడ్డీల మధ్య వెలుగును సరిచూసుకుంటూ, రీలు అయిపోగానే, ప్రేక్షకులకు తెలియనీయకుండా ఒక యంత్రం నుంచి రెండోదానికి మారే ఆ పనితనాన్ని పాత ఆపరేటర్ల మాటల్లోనే రికార్డు చేయిస్తున్నాం.

వచ్చే సంవత్సరం బాల్కనీ మెట్లు, విద్యుత్ తీగల పని చేపట్టవలసి ఉంది. హాలును పెళ్లిళ్లకు అద్దెకివ్వడంపై సర్వసభ్య సమావేశంలో ఓటింగు జరుగుతుంది. సభ్యుల ఇళ్లలో పాత టికెట్లు, పాటల పుస్తకాలు, హాలు ఫొటోలు ఉంటే నకలు తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాం. కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.