పారాచూట్ చెస్ట్ స్ట్రాప్ (ఛాతీ పట్టీ) కుట్టు గురించి, ఇకపై ఆర్డర్లు తీసుకునే పద్ధతి గురించి

అందరికీ నమస్తే. హనుమకొండ చౌరస్తా దగ్గర మన షాపులో స్కైడైవింగ్ (విమానంలోంచి పారాచూట్‌తో దూకడం) సూట్లు కుట్టించుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. స్కూల్ యూనిఫాంలు, బ్యాగులు కుట్టించుకునే వాళ్లకు మారేదేమీ లేదు. సూట్ల ఆర్డర్లు రెండు వారాలు లేటయ్యాయి. ఫోన్ చేసిన వాళ్లందరికీ దసరా గిరాకీ వల్ల అని చెప్పాను. అది సగమే నిజం, మిగతా సగం మీకు తెలియాలి.

పోయిన నెల ఒక తమ్ముడు సూట్‌కు కొలతలిచ్చి, వెళ్లేముందు తన పారాచూట్ బ్యాగు (రిగ్ అంటారు కదా) కౌంటర్ మీద పెట్టాడు. ఛాతీ పట్టీ చివర మడత కుట్టు ఊడింది, ఇది కూడా వేసెయ్ అన్నా, సూట్‌తో పాటే తీసుకుపోతా అన్నాడు. వేలెడంత కూడా లేని మడత. బ్యాగుల మిషన్ మీద, స్కూల్ బ్యాగులకు వాడే దారంతోనే రెండు నిమిషాల్లో వేసేశాను. గట్టిగా గుంజి చూశాను, కదలలేదు. మంచిగ కుట్టాననే అనుకున్నాను.

మూడు రోజులకు కాజీపేట అన్న వచ్చాడు. టెక్సాస్‌లో ఉంటాడు, 700 పైనే జంపులు చేసిన మనిషి, సెలవుకొచ్చినప్పుడల్లా మన దగ్గరే సూట్ కుట్టించుకుంటాడు. ర్యాక్ మీద రిగ్ చూసి ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. పట్టీ చివర దాకా వచ్చి ఆగిపోయాడు. ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లి, ఆ కుట్టు మీద గోరుతో రాసి, "ఇది ఎవరు వేసిన్రు?" అన్నాడు. నేనే అన్నాను. ఏ దారం అంటే చెప్పాను.

ఆయన అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, పట్టీ నా చేతికిచ్చి బకిల్‌లోంచి వెనక్కి లాగమన్నాడు. లాగితే మడత బకిల్ దగ్గర అడ్డం పడి ఆగింది. "చూసినవా అన్నా, పట్టీ ఎంత జారినా చివరికి ఆపేది ఇదే. గాలిలో పారాచూట్ తెరుచుకునేటప్పుడు కొట్టే కుదుపుకు ఈ కుట్టు తెగిందనుకో, పట్టీ మొత్తం బయటికొస్తది, హార్నెస్, అంటే ఒంటికి కట్టుకునే పట్టీలన్నీ, తెరుచుకుంటే మనిషే జారిపోవచ్చు" అన్నాడు. ఆ పట్టీలకు వేరే దారం ఉంటుందట, కుట్టు పడే తీరుకు కూడా ఒక లెక్క ఉంటుందట. సరిపడని సూది వేస్తే పట్టీ లోపలి పోగులే తెగుతాయి, పైకి ఏమీ కనబడదు. అందుకే ఆ పని సర్టిఫికెట్ ఉన్న రిగ్గర్ (పారాచూట్లు మడిచి, బాగుచేసే మనిషి) మాత్రమే చేయాలి. అమెరికాలో అయితే రిజర్వ్ పారాచూట్‌ను (మెయిన్ పారాచూట్ పని చేయకపోతే వాడేది) 180 రోజులకోసారి రిగ్గరే విప్పి, చూసి, మళ్లీ మడిచి సంతకం పెట్టాలి, అప్పుడే దానితో దూకనిస్తారు. ఇరవై రెండేళ్లుగా మిషన్ తొక్కుతున్నాను, కుట్టు గురించి నాకు ఒకరు చెప్పాలా అనే ఆలోచన ఆ రోజు రాలేదు. చేతులు చల్లబడ్డాయి.

అక్కడి నుంచే తమ్ముడికి ఫోన్ చేశాం. అన్న మొదట అడిగింది, "ఎన్ని జంపులైనయి తమ్మీ?" అని. ముప్పై ఒకటి అన్నాడు. "కుట్టు ఊడిందని దూకే చోట ఎవరికన్నా చూపించినవా?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అందరూ వందల జంపులు చేసినోళ్లే అన్నా, ఇంత చిన్నదానికి అడిగితే ఏమనుకుంటరో అని." అప్పుడు అన్న తన సంగతి చెప్పాడు. ఎనభై జంపులప్పుడు పెద్దవాళ్లను అడగకుండా చిన్న పారాచూట్ కొన్నాడట, అది స్పీడుగా తిరుగుతుంది, నేలకు దగ్గరలో మలుపు తిప్పి చీలమండ విరగ్గొట్టుకున్నాడట, మూడు నెలలు మంచం. దెబ్బలు చాలావరకు ఇట్లా బాగా తెరుచుకున్న పారాచూట్ కిందనే తగులుతాయట. "నన్ను అడుగు తమ్మీ, రాత్రి రెండింటికైనా అడుగు" అన్నాడు. తమ్ముడు ఇప్పుడు ఆయనకు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు. రిగ్ రిగ్గర్ దగ్గరికి పంపాం, ఖర్చు నేనే పెట్టుకున్నాను, ఆ కుట్టుతో ఎవరూ దూకలేదు. గతంలో ఇంకెవరి రిగ్ మీదైనా చెయ్యి పెట్టానా అని పాత బిల్లులన్నీ తిరగేశాను, రెండు వారాలు అందుకే పోయాయి. లేవు. అయినా మీకెవరికైనా గుర్తుంటే వెంటనే ఫోన్ చేయండి.

ఇకనుంచి రిగ్, పట్టీలు, తాళ్లు, పారాచూట్ గుడ్డ ఏదీ కుట్టను, ఎవరు అడిగినా సరే. సూట్ మాత్రమే. ఇంకొకటి, ఆర్డర్ రాసేటప్పుడు మీ బరువు, ఎన్ని జంపులైనయో, ఎవరితో కలిసి దూకుతారో అడుగుతాను. దయచేసి నిజం చెప్పండి. మూడే అయితే మూడే అని చెప్పండి.

ఎందుకంటే హసన్‌పర్తి చెల్లె విషయమే చూడండి. 48 కిలోలు ఉంటుంది, థాయ్‌లాండ్‌లోని పటాయాలో ట్రైనింగ్ మొదలుపెట్టి తొమ్మిది జంపులు చేసింది. వీడియోలో చూసి వదులుగా, కాటన్ కలిసిన బట్టతో కుట్టమంది, నేను కత్తిరించబోయాను. కాజీపేట అన్నే ఆపాడు. పారాచూట్ తెరవకముందు బోర్లా పడుతుంటే గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగం ఉంటుంది, కానీ తేలికైన మనిషి నిదానంగా పడుతుంది, వదులు బట్ట వేస్తే గాలి పట్టి ఇంకా నిదానమవుతుంది, కలిసి దూకిన జట్టు కిందికి వెళ్లిపోతుంది, తను పైనే ఉండిపోతుంది. ఆమెకు కావాల్సింది ఒంటికి అతుక్కునే జారుడు నైలాన్. బరువున్న మనిషికి వదులు కాటన్ మిక్స్. ఇద్దరికీ ఛాతీ నుంచి నడుము దాకా మాత్రం బట్ట ఎక్కువ ఉండొద్దు, కుడివైపు మెయిన్ పారాచూట్ వదిలేసే హ్యాండిల్, ఎడమవైపు రిజర్వ్ హ్యాండిల్ ఉంటాయి, వాటి మీద ఒక్క ముడత పడినా చెయ్యి వెతుక్కోవాల్సి వస్తుంది. పాత కొలతలతో కుట్టిన నాలుగు సూట్లకు నడుము దగ్గర ఫ్రీగా సరిచేసి ఇస్తున్నా.

చెల్లె సూట్ బట్ట మార్చిన ఆ సాయంత్రమే ఇంకోటి జరిగింది. మనవడి యూనిఫాం కోసం వచ్చిన సుబేదార్ సాబ్ మా మాటలన్నీ వింటూ కూర్చున్నాడు. ఆగ్రాలో పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో దూకిన మనిషి, గుండ్రటి పారాచూట్లతో. అవి మెల్లగా దింపవు, నేలకేసి కొడతాయి. చెల్లెను లేపి, కొత్తవాడ దరీ పరిచి, దిగేటప్పుడు దెబ్బ తగలకుండా పాదాలు మోకాళ్లు దగ్గర పెట్టి పక్కకు దొర్లడం నేర్పించాడు, పిక్క, తొడ, తుంటి, వీపు పక్క వరుసగా నేలకు ఆనాలి. ఆమె మూడోసారికి పట్టేసింది. తర్వాత 700 జంపుల అన్న కూడా చెప్పులు విడిచి వచ్చి, నాకూ చూపియ్యండి సాబ్, ఎప్పుడో నేర్చుకున్న, మరిచిపోయిన అన్నాడు. రాత్రి తొమ్మిది దాకా షాపు మూయలేదు.

వింగ్‌సూట్ (చేతులకు, కాళ్లకు మధ్య రెక్కల్లా బట్ట ఉండే సూట్) కావాలని ముగ్గురు అడిగారు. నాకు కుట్టడం రాదు, వచ్చినా 200 జంపుల లోపు వాళ్లకు కుట్టను, అమెరికా వాళ్ల పద్ధతిలో కూడా అంతకు ముందు వేసుకోవద్దనే చెప్తారు.

మామునూరు గురించి రోజూ అడుగుతున్నారు. నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్ట్, 1981 నుంచి మూతబడే ఉంది, మళ్లీ తెరుస్తామంటున్నారు, సంతోషమే. కానీ అది ప్రయాణికుల విమానాల కోసం, అక్కడ దూకడం వేరే సంగతి. అప్పటిదాకా హర్యానాలోని నార్నాల్‌కో, పటాయాకో పోవాల్సిందే. వెళ్లే ముందు ఒకసారి షాపుకు రండి, శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరు పాతవాళ్లు ఉంటున్నారు.

కుట్టుకూలి ఈ నెల నుంచి మూడు వందలు పెరిగింది, పాత ఆర్డర్లకు పాత రేటే.

హసన్‌పర్తి చెల్లె, నీ సూట్ రెడీ. తీసుకెళ్లే ముందు రిగ్ వేసుకుని, కళ్లు మూసుకుని రెండు హ్యాండిళ్లూ పట్టుకుని చూడు, ఎక్కడ అడ్డం తగిలినా అప్పటికప్పుడే విప్పి కుడతాను.