వెళ్ళిన రక్తం తిరిగి రావాలి కదా

చిన్నీ,

ఆదివారం నీకిచ్చిన ఫోన్ టైమంతా మీ ఫ్రెండ్ పడిపోయిన సంగతికే సరిపోయింది. ప్రేయర్‌లో నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే కూలిపోయిందని, గుండె జబ్బేమోనని హాస్టలంతా టెన్షన్ పడుతున్నారని అన్నావు. వెనకాల క్యూలో పిల్లలు తొందర పెడుతుంటే "ఏం కాదులే, ఈసారి పడితే పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తండి" అని చెప్పి పెట్టేశాను. మామూలు మనిషికైతే ఆ మాట చాలు. బైపీసీ చదివే పిల్లకి చాలదు. కాళ్ళెందుకు ఎత్తాలో తెలియాలిగా, అందుకే రాస్తున్నాను.

దసరాకి వచ్చినప్పుడు నీ నోట్సు తిరగేశాను. గుండె బొమ్మ ఎంత బాగా వేశావో! కర్ణికలు, జఠరికలు, కవాటాలు, ఈసీజీ గీతలు అన్నీ ఉన్నాయి. రక్తాన్ని గుండెకి తిరిగి తెచ్చే సిరల గురించి మాత్రం "పలుచని గోడలు, లోపల కవాటాలు" అని ఒక్క లైను. నర్సుగా రోజూ ఆ సిరల్లోకి సూది ఎక్కించే దాన్ని కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, నన్నడిగితే రక్తప్రసరణలో సగం కథ ఆ లైనులోనే ఉంది.

నీకు వచ్చిన లెక్కే తీసుకో. ఒక్కో స్పందనకి దాదాపు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు. అంటే సుమారు 5 లీటర్లు. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే రక్తం మొత్తం కూడా ఇంచుమించు అంతే. ఊరికే కూర్చున్నా సరే, ఉన్న రక్తమంత రక్తం నిమిషంలో బయటికి వెళ్ళి మళ్ళీ గుండెకి చేరుతోందన్నమాట. వెళ్ళేటప్పుడు ఎడమ జఠరిక, అంటే గుండె కింది ఎడమ గది, ధమనుల్లోకి తోస్తుంది. మరి తిరిగి వచ్చేటప్పుడు? చేతి ధమనిలో 120 మిల్లీమీటర్లు (బీపీ కొలిచే పాదరసం లెక్క) ఉన్న ఒత్తిడి, ధమనుల్నీ సిరల్నీ కలిపే సన్నని కేశనాళికలు దాటేసరికి చాలా వరకు ఖర్చయిపోతుంది. కుడి కర్ణిక (గుండె పై కుడి గది) దగ్గర ఇంచుమించు సున్నా. పాదం నుంచి గుండె దాకా మీటరుకి పైగా ఎక్కాలి.

కదలకుండా నిలబడితే పైనున్న రక్తం బరువంతా కింద పడుతుంది. చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దాకా పోతుంది. నాలుగడుగులు వెయ్యి, 30 దగ్గరికి దిగిపోతుంది. దిగేలా చేసేది పిక్క కండరం. అది బిగిసినప్పుడల్లా లోపలి సిరల్ని నొక్కుతుంది, రక్తం పైకి పోతుంది. వదులైనప్పుడు కిందికి జారకుండా కవాటాలు మూసుకుంటాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గడం కూడా రక్తం పైకి రావడానికి సాయపడుతుంది. కవాటాలు పాడైతే ఏమవుతుందో నా కాళ్ళ మీద తేలిన సిరలు చూశావుగా. ఏళ్ళ తరబడి నిలబడి చేసే డ్యూటీల్లో చాలామందికి వచ్చేదే. నా బిగుతు స్టాకింగ్స్ చూసి నవ్వేదానివి, అవి బయటి నుంచి నొక్కి పెట్టడానికే.

దీన్ని నమ్మడానికి పుస్తకం అక్కర్లేదు. చెయ్యి కిందికి వేలాడేసి ఉంచు. అరచేతి వెనక సిరలు ఉబ్బుతాయి. ఒక సిర మీద వేళ్ళ వైపు చివర ఒక వేలు నొక్కి పట్టు. ఇంకో వేలితో అక్కడి నుంచి మణికట్టు వైపు రాస్తూ వెళ్ళి, రెండో వేలు తీసెయ్. మధ్యలో కవాటం ఉంటే అక్కడి దాకా సిర ఖాళీగానే ఉండిపోతుంది, పై రక్తం వెనక్కి రాదు. మొదటి వేలు తీస్తే కింది నుంచి టక్కున నిండుతుంది. ఒక సిర దగ్గర కుదరకపోతే ఇంకొకటి చూడు.

ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో అచ్చేసిన పుస్తకంలో ఇలాంటి బొమ్మలే ఉన్నాయి. ఆ కవాటాల్ని ఆయనకి ఇటలీలోని పాదువాలో పాఠం చెప్పిన ఫాబ్రిసియస్ ముందే చూశాడు. కానీ రక్తం కాళ్ళలోకి ఒక్కసారిగా పడకుండా నెమ్మది చేసేవి అనుకున్నాడు. కాలేయం తిండి నుంచి రక్తం తయారు చేస్తే అవయవాలు దాన్ని వాడేసుకుంటాయని పాతకాలం గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటే అప్పటికి పద్నాలుగు వందల ఏళ్ళుగా నడుస్తోంది మరి. హార్వే లెక్క కట్టాడు: ఒక్కో స్పందనకి ఎంత తక్కువ అనుకున్నా, గుండె అరగంటలో పంపేది ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతోంది. అంత రక్తం కొత్తగా ఎక్కణ్ణుంచి పుడుతుంది? తిరిగి రావాల్సిందే.

ఆయన చేతికి గుడ్డ కట్టి చూసిన ప్రయోగం మేం రోజూ చేసేదే. టోర్నికే (సూది వేసే ముందు చేతికి కట్టే పట్టీ) మరీ బిగించి కడితే మణికట్టు నాడి పోతుంది, సిరలూ ఉబ్బవు, ఎందుకంటే రక్తం లోపలికే రావట్లేదు. కొంచెం వదులు చేస్తే లోతున ఉన్న ధమని తెరుచుకుంటుంది, పైనున్న సిర మూసుకునే ఉంటుంది. అప్పుడు ఉబ్బుతుంది చూడు! కొత్తగా వచ్చిన స్టూడెంట్ నర్సులు గట్టిగా కట్టేసి, "వీన్ దొరకట్లేదు సిస్టర్" అంటూ వస్తారు.

అయితే ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఏ దారిన పోతోందో హార్వే చూడలేకపోయాడు. ఆయన 1657లో పోయాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి కేశనాళికల గురించి రాశాడు. ఎర్ర రక్తకణం మడత పడి దూరాల్సినంత సన్ననివి అవి. అంత సన్నని దారిలో రక్తం జోరుగా పోతుందనుకుంటావేమో, పోదు. పెద్ద కాలువ నీళ్ళు మళ్ళన్నిటికీ చీలాక నెమ్మదించినట్టే, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, బృహద్ధమనిలో సెకనుకి 30 సెంటీమీటర్లకి పైగా పోయే రక్తం ఇక్కడ సెకనుకి ఒక మిల్లీమీటరు కూడా కదలదు. అన్ని కేశనాళికల వెడల్పూ కలిపితే అంత ఎక్కువ. ఆక్సిజన్ దిగడానికి ఆ మాత్రం తీరిక కావాలిగా.

ఇక మీ ఫ్రెండ్ సంగతి. ఎండలో, బహుశా టిఫిన్ కూడా తినకుండా, కదలకుండా నిలబడింది. వేడికి చర్మంలో నాళాలు తెరుచుకుంటాయి, కాళ్ళలో అర లీటరుకి పైగా రక్తం నిలిచిపోతుంది. గుండె తనకి వచ్చిందే పంపగలదు చిన్నీ, రాని దాన్ని ఎంత గట్టి గుండైనా పంపలేదు. రాక తగ్గితే బీపీ తగ్గుతుంది, ఒక్కోసారి శరీరం తడబడి గుండె వేగాన్ని కూడా తగ్గించేస్తుంది. మెదడుకి కాసేపు రక్తం చాలదు, మనిషి పడిపోతుంది. పడ్డాక కాళ్ళూ తలా ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి రక్తం సులువుగా వచ్చేస్తుంది, నిమిషంలో లేచి కూర్చుంటుంది. కాళ్ళు పైకెత్తమన్నది కూడా ఆ రక్తం ఇంకా సులువుగా గుండెకి రావడానికే. అలాంటప్పుడు మీరంతా చుట్టూ మూగి నిలబెట్టడం, కుర్చీలో కూర్చోబెట్టడం, స్పృహ లేకుండానే నోట్లో నీళ్ళు పొయ్యడం చెయ్యకండి. ప్రేయర్‌లో నిలబడ్డప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండమను, నువ్వూ చెయ్యి. పీఈటీ సార్ అరిస్తే అరవనీ.

పరిగెత్తుతూ పడిపోయినా, పడేముందు గుండె దడ, ఛాతీ నొప్పి వచ్చినా, వాళ్ళింట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా మాత్రం అది వేరే సంగతి. వార్డెన్ మేడమ్‌కి చెప్పి డాక్టర్‌కి చూపించి ఈసీజీ తీయించాల్సిందే. ఆ అమ్మాయిని ఈ మూడూ అడిగి, వచ్చే ఆదివారం నాకు చెప్పు.

ఊపిరితిత్తులకి వెళ్ళే పుపుస ధమనిలో "చెడు రక్తం", అంటే ఆక్సిజన్ తక్కువున్న రక్తం, ఎందుకుంటుందని అడిగావుగా. గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ధమని, గుండెకి తెచ్చేది సిర. ఆక్సిజన్ ఉందా లేదా అన్నదానితో పని లేదు. నీట్‌లో దీని మీద తిప్పి తిప్పి అడుగుతారు, జాగ్రత్త.

అమ్మ