హోంవర్కూ రీల్సూ ఒకే ఫోనులో

సంపాదకుల వారికి,

పిల్లల చేతిలోని ఫోను గురించి జరుగుతున్న చర్చ అంతా దాన్ని లాగేసుకోవాలా, ఇచ్చి ఊరుకోవాలా అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. ముప్పై ఏళ్లు నరసన్నపేట చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పిన నాకు ఈ రెండు మాటలూ మన జిల్లా ఇళ్లకు అతకవనిపిస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఫోను పిల్లవాడిది కాదు, ఇంటిది. హైదరాబాదుకు తాపీపనికో, గుజరాత్‌లోని వీరావల్‌కు చేపల వేటకో వెళ్లిన తండ్రి రాత్రిపూట ఇంటివాళ్ల ముఖం చూసుకునేది అందులోనే; డ్వాక్రా సంఘం కబురు అందేదీ, బడి వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పడేదీ అందులోనే.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక కుర్రవాడు నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. "మా గుంటడు రేత్తిరి పన్నెండు దాకా ఫోన్లో సదువుకుంతన్నాడు బాబూ" అని ఆమె మురిసిపోతూ చెప్పింది. కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి ముందురోజు లెక్క చూశాను. వాట్సాప్‌లో గడిపింది పదకొండు నిమిషాలు, పొట్టి వీడియోల్లో గడిపింది మూడు గంటల పైచిలుకు. వాడు అబద్ధమాడలేదు, ఫోను తీసింది నిజంగా హోంవర్కు కోసమే. ఆ అంకె చూసి నాకంటే వాడే ఎక్కువ తెల్లబోయాడు. (ఇంటికి వచ్చి నా ఫోను లెక్కా చూసుకున్నాను, అది ఇక్కడ రాయను.) గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చనీ, వారిలో అంతకుముందు వారం చదువుకోసం వాడినవారు 57 శాతమైతే సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతమనీ పల్లె పిల్లల చదువులపై ప్రథమ్ సంస్థ జరిపే అసర్ సర్వే 2024లో తేల్చింది కాబట్టి, ఇది మా వీధి కథ మాత్రమే కాదు.

ఆ ఫోనులోనే ఉపాయాలూ ఉన్నాయి. ఒక్కో యాప్‌కు రోజుకు ఇంత సమయమని గడువు పెట్టవచ్చు. పడుకునే వేళకు తెర రంగులు పోయి బూడిదరంగుకు తిరిగేలా చేయవచ్చు. అయితే ఆ గడువును పెట్టుకున్నవాడే క్షణంలో తీసేయగలడు. పైగా నాయనమ్మ చూసిన సీరియలూ మనవడు చూసిన రీల్సూ ఒకే పద్దులో పడతాయి. దూరాన ఉన్న తండ్రి తన ఫోను నుంచే కొడుకు ఫోనుకు నిద్రవేళ నిర్ణయించగల గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ యాప్ వలస కుటుంబాలకు ఎంతో పనికొచ్చేదే. కానీ దానికి బిడ్డకొక ఫోనూ, ఇద్దరికీ చెరొక ఖాతా కావాలి. సెల్ షాపు కుర్రాడు తెరిచిపెట్టిన జీమెయిల్ ఖాతా పాస్‌వర్డు ఈ ఇళ్లలో ఎవరికీ తెలియదు. ఉమ్మడి ఫోనుకు నిజంగా నప్పేది, ఎవరూ చెప్పనిది మరొకటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పిన్ తీసేముందు తాళం అంకె అడగాలన్న సెట్టింగు పెట్టి ఒక యాప్‌ను తెరకు పిన్ చేస్తే, ఆ అంకె కొట్టనిదే వేరే యాప్‌లోకి పోనివ్వదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠం తెరిచి, పిన్ చేసి బిడ్డ చేతికిస్తే నాయనమ్మ నిశ్చింతగా వంట చేసుకోవచ్చు. నేర్పడానికి నాకు పట్టింది పది నిమిషాలు.

ఆ పది నిమిషాలు ఎవరు కేటాయించాలన్నదే నా ప్రశ్న. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు జరిగాయి. తల్లులూ నాయనమ్మలూ బడికి వచ్చే అలాంటి రోజున ఉపన్యాసాలు కొంత తగ్గించి, ఎవరి ఫోను వారి చేతిలో పెట్టించి ఈ రెండు మూడు పనులు చేయించవచ్చు. గ్రామ సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంటును ఆ పూటకు బడికి పంపితే ఖాతాల చిక్కూ తీరుతుంది. ఫోను తీసుకుంటే భోజనం మానేసే, నిద్రపోని బిడ్డల ఇళ్లకు మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ఉచిత టెలీ మానస్ నంబరు 14416ను గోడ మీద రాసిపెట్టడానికి ఖర్చేమీ కాదు.

ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మాట, నొచ్చుకోరనే ఆశతో. హోంవర్కును రాత్రి ఎనిమిదింటికి గ్రూపులో పెట్టి, పిల్లలు ఫోను వదలడం లేదని సమావేశంలో తల్లులను మందలించడం న్యాయం కాదు. బడి విడిచేలోగా నల్లబల్ల మీద రాసి, పుస్తకంలో దించుకోమంటే సరిపోయే పనికి ఫోను దేనికి? శ్రీకాకుళం జిల్లా విద్యాశాఖాధికారులు రాత్రిపూట గ్రూపు హోంవర్కులను ఆపించి, వచ్చే సమావేశపు కార్యక్రమంలో ఫోను పాఠానికి అరగంట చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా